సుహార్‌లో పదో ఆటగాడు

ఒమాన్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి ఆర్మూరులో ఎదురైన వాళ్లంతా నన్ను రెండే అడుగుతున్నారు. బంగారం ఎంత తెచ్చావు? ఎండలు ఎట్లున్నాయి? బంగారం తేలేదు. ఎండల సంగతి నాకు తెలియదు, నేను వెళ్లింది జనవరిలో. పొద్దున పూట స్వెట్టర్ వేసుకునే తిరిగాను. బేస్‌బాల్ ఆటకు అంపైరింగ్ చేసి రావడానికి వెళ్లానని చెబితే మాత్రం ఎవరూ నమ్మడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆర్మూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. బేస్‌బాల్ అంపైరింగ్ పరీక్ష పాసై కార్డు కూడా తీసుకున్నాను. మా వైపు బడుల్లో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ ఆడించడం చాలాకాలంగా ఉంది. పసుపు పొలాల పక్కన గ్లవ్స్ తొడుక్కుని బంతి విసురుకునే పిల్లలను చూసి బయటి ఊళ్ల వాళ్లు బస్సు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తుంటారు. అలా నా దగ్గర ఆడినవాడే గంగాధర్. బడి అయ్యాక కొన్నాళ్లు ఊళ్లో ఉండి, తర్వాత మస్కట్ వెళ్లి ఒక నిర్మాణ కంపెనీలో స్కఫోల్డింగ్ పని, అంటే కట్టడం చుట్టూ ఇనుప పైపుల పరంజా బిగించే పని పట్టాడు. అక్కడ రూముల్లో ఉండే మన జిల్లాల వాళ్లను పోగుచేసి జట్టు కట్టాడు. ఏటా చలికాలంలో సుహార్ పోర్టులో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ల జట్టుతో ఒక మ్యాచ్ ఆడతారు. కిందటిసారి అంపైర్ ఎవరి మనిషి అన్న దగ్గర మాటా మాటా పెరిగి ఆట మధ్యలోనే ఆగిపోయిందట. ఈసారి రెండు జట్లూ బయటి మనిషి కావాలన్నాయి.

"మీరు నా టీచరని వాళ్లకు చెప్పిన మేడం," అన్నాడు గంగాధర్ ఫోన్లో. "అయినా ఒప్పుకున్నరు. కార్డు ఉన్న అంపైర్ ఒక్కరన్న వస్తే చాలన్నరు."

నా పాస్‌పోర్టు ఎప్పుడో రద్దయిన ఒక టోర్నమెంటు కోసం తీసుకున్నది. ఒక్క ముద్ర కూడా పడకుండా బీరువాలో ఉంది. బయలుదేరాను.

మాస్కు పెట్టుకున్న అధికారి

మస్కట్ విమానాశ్రయంలో నా సంచీ స్కానింగ్ యంత్రంలోంచి బయటికి రాగానే ఒక అధికారి నన్ను పక్కకు పిలిచాడు. అంపైర్ పెట్టుకునే ఇనుప కడ్డీల మాస్కు, ఛాతీకి కట్టుకునే దళసరి కవచం ఆయనకు అర్థం కాలేదు. నా హిందీ, ఆయన హిందీ కలిపి కాసేపు కుస్తీ పట్టాం. చివరికి నేను మాస్కు తగిలించుకుని, మోకాళ్ల మీద వంగి, చెయ్యి గాల్లోకి విసిరి "స్ట్రైక్!" అని అరిచి చూపించాను. లైన్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అధికారి నవ్వి, మాస్కు తీసుకుని తనే పెట్టుకుని పక్కనున్న సహోద్యోగి వైపు తిరిగి "స్ట్రైక్!" అన్నాడు. ఆ దేశంలో నాకు దొరికిన మొదటి శిష్యుడు ఆయనే.

అల్ ఖువైర్: పెసరట్టు మీద పంచాయితీ

ఆడమనిషిని కాబట్టి కంపెనీ రూముల్లో ఉండటం కుదరదు. గంగాధర్ వాళ్ల కంపెనీ ఆఫీసులో పనిచేసే శ్రీనివాస్ గారు నన్ను తమ ఇంట్లో ఉంచుకుంటామన్నారు. ఆయనది కాకినాడ. ఆఫీసు అజైబాలో, ఇల్లు అల్ ఖువైర్‌లో, రెండూ మస్కట్‌లోనే. జట్టుకు మేనేజర్ కూడా ఆయనే, అంటే నీళ్ల సీసాలు, ఐసు డబ్బా, బస్సు ఏర్పాటు చూసేది ఆయన. భార్య లలిత గారు.

పొద్దున్నే బాల్కనీలో నిలబడితే కింద మంత్రిత్వ శాఖల వైపు వెళ్లే కార్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్క హారన్ లేదు. నిజామాబాద్ బస్టాండు నుంచి వచ్చిన నా చెవులకు అదేదో లోపంలా అనిపించింది.

"మీ వైపు పెసరట్టు తింటారాండీ?" అని అడుగుతూనే లలిత గారు నా పళ్లెంలో రెండోది వేశారు. అల్లప్పచ్చడిలో బెల్లం ఉంది. మా ఇంట్లో అయితే బెల్లం వేసిన చేతిని అందరూ కలిసి తిడతారు. నేను మాత్రం మూడోది కూడా తిన్నాను.

అక్కడే శ్రీనివాస్ గారు అసలు సంగతి ఎత్తారు.

బేస్‌బాల్ తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. జట్టుకు తొమ్మిది మంది. బంతి కొట్టి, మూలల్లో ఉండే మూడు బేసులూ చుట్టి హోమ్ ప్లేట్‌కు తిరిగొస్తే ఒక పరుగు. క్రికెట్లో బౌలర్ ఎలాగో ఇందులో పిచ్చర్ అలాగ. బంతి విసిరేది అతనే. ఆ పని ఎంత కష్టమంటే, దాని మీదే ప్రాణం పెట్టినవాడికి బ్యాటింగ్ సాధారణంగా అబ్బదు. అందుకని ఒక వెసులుబాటు ఉంది. పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేయడానికి పదో మనిషిని పెట్టుకోవచ్చు. అతను ఫీల్డింగ్‌కు రాడు. అతన్ని డిజిగ్నేటెడ్ హిట్టర్ అంటారు, పొట్టిగా డీహెచ్. ఇది మంచిదా కాదా అని ఆ ఆట పుట్టిన దేశంలోనే తరాలుగా కొట్టుకున్నారు.

ఇన్నాళ్లూ ఈ రెండు జట్లూ డీహెచ్ లేకుండానే ఆడాయి. ఈసారి సుహార్ వాళ్లు కావాలన్నారు. నిర్ణయం నాకు వదిలారు.

"నియమాల్లో ఉన్నది చెప్తాను," అన్నాను. "పెట్టుకోవచ్చు. పెట్టుకోకపోయినా తప్పులేదు. ఏ జట్టు ఇష్టం ఆ జట్టుది."

"అయితే మనం పెట్టుకోవాలండీ!" శ్రీనివాస్ గారు పళ్లెం జరిపారు. "క్రికెట్లో ఇప్పుడు ఇంపాక్ట్ ప్లేయర్ రాలేదా? ఎవరికి వచ్చిన పని వాళ్లు చెయ్యాలి. మా ఆఫీసులో అకౌంట్స్ చూసేవాణ్ని పట్టుకుని క్రేన్ ఎక్కమంటామా? మన గంగాధర్ ఈ సీజన్‌లో బంతికి బ్యాటు తగిలిస్తే ఒట్టు. అవతల నర్సయ్య ఉన్నాడు, కొడితే బంతి వెతుక్కోవాల్సిందే. మోకాలు బాగాలేక ఫీల్డింగ్‌కి పనికిరాడు. డీహెచ్ అనేది ఆయన కోసమే పుట్టిందండీ."

"మరి గంగాధర్ ఏమంటాడు?"

లలిత గారు పొయ్యి దగ్గర్నుంచి అన్నారు: "అతను ససేమిరా అంటున్నాడండీ. కెప్టెన్ అతనేగా. వారం నుంచీ ఈయనకీ అతనికీ మాటల్లేవు."

అల్ మవాలే: సిమెంటు సంచుల బేసులు

అల్ మవాలేలో దుకాణాల వీధి దాటి, కొత్త ఇళ్లు కడుతున్న చోట చదును చేసి వదిలేసిన నేల ఉంది. వీళ్లు సాధన చేసేది అక్కడే. నాలుగు బేసుల్లో మూడు ఇసుక నింపిన సిమెంటు సంచులు. నాలుగోది, హోమ్ ప్లేట్, సెంట్రింగ్ చెక్కను ఐదు మూలలుగా కోసి సున్నం పూసింది. గీతలన్నీ సున్నంతోనే. మా బడి మైదానం కన్నా ఆ గీతలే తిన్నగా ఉన్నాయి. రోజంతా దారం పట్టి గోడలు కట్టేవాళ్లు గీసినవి కదా.

డ్యూటీ దిగి, స్నానాలు చేసి, రూముల నుంచి ఒక్కొక్కరే వచ్చారు. గంగాధర్ పరుగెత్తుకొచ్చి ఆగిపోయాడు. భుజాలు వెడల్పయ్యాయి. నవ్వు మాత్రం మారలేదు.

"మంచిగున్నరా మేడం? అన్నం తిన్నరా?"

"తిన్నా. నువ్వు బంతి విసురు, చూస్తా."

విసిరాడు. బడిలో ఉన్నప్పుడు వేగమొక్కటే ఉండేది. ఇప్పుడు బంతి బ్యాటు దగ్గరకు వచ్చి కిందికి జారుతోంది. ఇక్కడికొచ్చాక ఫోన్లో చూసి నేర్చుకున్నాడట. తర్వాత బ్యాటు పట్టాడు. శ్రీనివాస్ గారు చెప్పింది నిజం. గాలిని బాగా కొట్టాడు.

నర్సయ్యను అప్పుడే చూశాను. యాభైకి దగ్గర పడిన మనిషి, జగిత్యాల పక్క ఊరు, మేస్త్రీ. చిన్నప్పుడు కబడ్డీ తప్ప ఏమీ ఆడలేదు. రూములో ఊరికే కూర్చోలేక వీళ్లతో వచ్చి బ్యాటు పట్టి అలవాటు చేసుకున్నాడు. మోకాలు మెట్లు ఎక్కనివ్వడం లేదని తనే పని మానుకుంటున్నాడు. వీసా క్యాన్సిల్ చేయించుకుని నెలాఖరులో ఇంటికి వెళ్లిపోతాడు. సుహార్ మ్యాచ్ తర్వాత ఇక్కడ అతనికి ఇంకో ఆట లేదు.

అతను కొట్టిన మొదటి బంతి ఖాళీ ప్లాటు దాటి ఎవరిదో కారు షెడ్డు మీద పడి పెద్ద శబ్దం చేసింది. అందరం ఆ ఇంటి తలుపు వైపు చూశాం. ఎవరూ బయటికి రాలేదు.

సాధన అయ్యాక రూముకు ఆనుకుని ఉన్న వసారాలో కూర్చోబెట్టి నాకు పచ్చిపులుసు, వేడి అన్నం, కోడికూర పెట్టారు. అక్కడ గంగాధర్‌ను అడిగాను, డీహెచ్ ఎందుకు వద్దంటున్నావని.

అన్నం కలుపుతూ చెప్పాడు: "మేడం, సైట్ల నేను పైపులు బిగిస్త. గోడ ముట్టుకోవద్దు, కరెంటు ముట్టుకోవద్దు. బిల్డింగ్ అయినంక మా పైపులు మేమే విప్పుకొని పోతం. ఆ బిల్డింగ్ల నేను చేసింది ఒక్కటి కనవడది. శుక్రవారం సెలవు, ఆ ఒక్కరోజు మొత్తం ఆట నాది. విసురుత, పడత, బ్యాటు వడత, ఉరుకుత. అండ్ల సగం తీసి ఇంకొకరికి ఇయ్యమంటే ఎట్ల?"

"నీకు బ్యాటింగ్ రావడం లేదంటున్నారు."

"రాదు. నేర్చుకుంట. బ్యాటే వట్టనియ్యకుంటే ఎట్లొస్తది?"

బడిలో పిల్లలకు నేను చెప్పేది అదే. కానీ ఇది బడి కాదు, నర్సయ్యకు ఇంకో శుక్రవారం లేదు.

నర్సయ్య కొంచెం అవతల కూర్చుని వింటూనే ఉన్నాడు. "నా కోసమని పిలగాని చేతిలకెళ్లి బ్యాటు గుంజుకోకుండ్రి మేడం," అన్నాడు. "నేను బస్సులవడి వస్త. చప్పట్లు కొడుత. ఏమైతది?"

అది విని గంగాధర్ పళ్లెం తీసుకుని లేచి వెళ్లిపోయాడు.

బర్కా: హల్వా, ఆగని కాఫీ

శుక్రవారం పొద్దున్నే జట్టు మినీ బస్సులో, మేం ముగ్గురం శ్రీనివాస్ గారి కారులో సుహార్ బయలుదేరాం. దారి పొడవునా ఒకవైపు ఖర్జూరపు తోటలు, వాటి చుట్టూ మట్టిరంగు గోడలు. ఇంకోవైపు దూరంగా చెట్టన్నది లేని కొండలు. కొబ్బరిచెట్లయితే మా కోనసీమే అనుకునేదాన్నని లలిత గారన్నారు. నాకు మాత్రం ఆ కొండలు మా ఆర్మూరు రాళ్లగుట్టలకు పెద్దన్నల్లా కనిపించాయి.

బర్కాలో ఒక హల్వా దుకాణం ముందు ఆగాం. లోపల పెద్ద రాగి గంగాళంలో ఎర్రగా, జిగటగా హల్వా ఉడుకుతోంది. కుంకుమపువ్వు, గులాబీ పన్నీరు, యాలకుల వాసన. మన హల్వాలా రవ్వరవ్వగా ఉండదు, చెంచాకు అంటుకుని సాగుతుంది. దుకాణం పెద్దాయన సాలిం. తెల్లటి పొడుగు చొక్కా, కుట్టుపని చేసిన టోపీ. నన్ను మించిన హిందీ ఆయనది. కూర్చోబెట్టి ముందు హల్వా, తర్వాత పిడికెడంత పింగాణీ కప్పులో చేదు కాఫీ ఇచ్చారు. కప్పు ఖాళీ కాగానే నింపారు. మర్యాద కోసం తాగాను. మళ్లీ నింపారు. మళ్లీ తాగాను. నా గుండె దడదడలాడుతున్నప్పుడు లలిత గారు చెవిలో అన్నారు: "కప్పు అటూ ఇటూ ఊపి ఇవ్వాలండీ. లేకపోతే పోస్తూనే ఉంటారు." మా ఇళ్లలో చాలంటే చాలదు, రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టాలి. ఇక్కడ కప్పు ఊపితే సరిపోతుందని తెలిసేసరికి అయిదు కప్పులయ్యాయి.

ఎక్కడికని అడిగితే శ్రీనివాస్ గారు మ్యాచ్ సంగతి, దాంతోపాటు తగువు సంగతి కూడా చెప్పేశారు. సాలిం శ్రద్ధగా విన్నారు.

"మా నాన్న పడవకు చుక్కాని పట్టేవాడు," అన్నారు. "వల ఎన్నడూ లాగలేదు. లాగనిచ్చేవారు కాదు. ఆయన దృష్టి మళ్లితే అందరం మునుగుతాం కదా. ముసలివాడై పడవ దిగాక ఒడ్డున కూర్చుని వలలు అల్లడం మొదలుపెట్టాడు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు."

"అంటే మీరు ఎవరి వైపండీ?" అన్నారు లలిత గారు.

సాలిం నవ్వి ఇంకో కప్పు పోయబోయారు. నేను గబగబా నా కప్పు ఊపాను.

సుహార్: నియమం ప్రకారం

మైదానం సముద్రానికి దగ్గరలో ఉంది. ఉప్పుగాలి. అవతలి జట్టు అప్పటికే వచ్చి పాటలు పెట్టుకుని బంతులు విసురుకుంటోంది. వాళ్ల కెప్టెన్ రామోన్ పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. క్యాచర్, అంటే బ్యాటు వెనక కూర్చుని బంతులు పట్టేవాడు. నాతో చేయి కలిపి, హిందీ, ఇంగ్లీషు కలిపి ఒకే మాటన్నాడు: "మేడం, కళ్లతో చూసింది చెప్పండి. చాలు."

మధ్యాహ్నపు నమాజు అయ్యి అందరూ తిరిగొచ్చాక జట్ల పేర్లు ఇవ్వమన్నాను. గంగాధర్ ఇచ్చిన కాగితంలో పది పేర్లున్నాయి. డీహెచ్: నర్సయ్య.

నేను తలెత్తి చూశాను. అతను బూటుతో నేల గీరుతున్నాడు.

"పొద్దుగాల నర్సన్న బ్యాగు సదురుతుండు మేడం. టీము టోపీ బట్టల నడిమిట్ల మడతవెట్టిండు. ఎందుకన్నా, తలకు వెట్టుకోవా అంటే, ఊర్ల పిల్లలకు చూపిస్త, మాసిపోతది అన్నడు." తలెత్తి నన్ను చూశాడు. "ఆడకుంట ఏం చూపిస్తడు?"

ఏడు ఇన్నింగ్స్ ఆట. బేసుల దగ్గర చూడటానికి వాళ్ల మనిషి ఒకరు, మా వైపు శ్రీనివాస్ గారు. హోమ్ ప్లేట్ వెనక నేను.

మొదటిసారి బ్యాటుకు వచ్చిన నర్సయ్య మూడు బంతులూ వదిలేశాడు. కొట్టదగ్గ బంతిని వదిలేసినా, కొట్టబోయి తప్పినా స్ట్రైక్; మూడు స్ట్రైకులైతే ఔట్. మూడోదానికి నేను చెయ్యి విసిరి స్ట్రైక్ అన్నప్పుడు అతని ముఖం చూడలేకపోయాను. రెండోసారి మాత్రం మైదానం మధ్యలోకి గట్టిగా కొట్టాడు. కుంటుకుంటూ మొదటి బేసు చేరాడు. లలిత గారు చున్నీ ఊపుతూ గోల చేశారు.

నాలుగో ఇన్నింగ్స్‌లో జరిగింది ఎవరూ అనుకోనిది. మొదటి బేసు దగ్గర ఉండే మహేశ్ బంతి కోసం వెనక్కి పరుగెత్తి గుంతలో కాలు పెట్టాడు. చీలమండ చూస్తుండగానే వాచింది. మోసుకెళ్లి ఐసులో పెట్టారు. మాకున్నది పది మందే. ఫీల్డింగ్‌కు మిగిలింది ఎనిమిది.

శ్రీనివాస్ గారు నా దగ్గరకొచ్చారు. "ఇప్పుడేం చెయ్యాలండీ? ఆట వదిలేసుకోవాలా?"

రెండు జట్ల కెప్టెన్లనూ పిలిచి నియమం చెప్పాను. "డీహెచ్ ఫీల్డింగ్‌కు రావచ్చు. కానీ ఒకసారి వచ్చాడంటే ఆ జట్టుకు ఇక డీహెచ్ ఉండడు. నర్సయ్య తన వంతులోనే బ్యాటింగ్ చేస్తాడు. వెళ్లిపోయిన మహేశ్ వంతులో పిచ్చర్ బ్యాటు పట్టాలి."

రామోన్ ఒకటికి రెండుసార్లు అడిగి అర్థం చేసుకుని, సరేనన్నాడు. గంగాధర్ మాత్రం కదలకుండా నిలబడ్డాడు. వారం పాటు కొట్లాడి, చివరికి వదులుకున్నది ఇలా తిరిగి చేతికొస్తుందని అతను అనుకోలేదు.

నర్సయ్య భయపడిపోయాడు. "మేడం, నాకు పట్టుడు రాదు. నా వల్ల ఓడిపోతరు."

"నర్సన్నా," గంగాధర్ అతని చేతికి మహేశ్ గ్లవ్ తొడిగాడు. "కిందికెళ్లి ఇటికె ఇసిరితే పైన పట్టవా? గట్లనే. మొదటి బేసు కాడ ఉరుకుడుండది. నిలవడి పట్టుడే."

మొదటి బంతి జారవిడిచాడు. దాంతో వాళ్లకు ఒక పరుగు వచ్చింది. తర్వాతది పట్టాడు. ఆ తర్వాత వచ్చినవన్నీ పట్టాడు. ఒకటి నేలబారుగా వస్తే కాలు బేసు మీంచి తీయకుండా చెయ్యి చాచి అందుకున్నాడు. అవతలి జట్టు వాళ్లే కేక వేశారు.

గంగాధర్ కథ ఇంకోలా ఉంది. అయిదో ఇన్నింగ్స్‌లో బ్యాటు పట్టి మూడుసార్లు ఊపాడు, మూడుసార్లూ గాలినే కొట్టాడు. జట్టులోనే ఎవరో గొణిగారు: "గందుకే గదా డీహెచ్ వెట్టుకునేది." అతనికి వినిపించింది.

చివరి ఇన్నింగ్స్. వాళ్లవి నాలుగు, మావి మూడు. పొద్దు వాలుతోంది. మా బ్యాటింగ్. ముందొచ్చిన నర్సయ్య సముద్రం వైపు కంచె దాకా కొట్టాడు. కుర్రాడైతే మూడు బేసులు పరుగెత్తేవాడు, ఇతను రెండోదాని దగ్గర ఆగిపోయాడు. తర్వాతి ఆటగాడు ఔటయ్యాడుగానీ ఆలోగా నర్సయ్య మూడో బేసుకు చేరాడు. ఇంకొక్క బేసు దాటితే పరుగు. బ్యాటుకు గంగాధర్.

ఇందాకటిలా గట్టిగా ఊపుతాడనుకుని వాళ్లంతా వెనక్కి జరిగారు. గంగాధర్ ఒక్క క్షణం ముందు బ్యాటును అడ్డంగా తిప్పి బంతికి ఊరికే తగలనిచ్చాడు. బంట్ అంటారు దాన్ని. బంతి వేగం చచ్చి నా ముందర రెండు గజాల్లో పడింది. గంగాధర్ మొదటి బేసుకు పరుగెత్తాడు. మూడో బేసు నుంచి నర్సయ్య ఒక కాలు ఈడ్చుకుంటూ, నోరు తెరుచుకుని నా మీదికే వస్తున్నాడు. రామోన్ బంతి అందుకుని వెనక్కి తిరిగి ప్లేటు మీదికి పడ్డాడు. నర్సయ్య చేతులు చాచి దుమ్ములోకి దూకాడు.

చూశాను. చెక్క ప్లేటుకు నర్సయ్య వేళ్లు తాకడానికి జానెడు ముందు, బంతి ఉన్న రామోన్ గ్లవ్ అతని భుజానికి తగిలింది.

"ఔట్!"

మొదటి బేసు దగ్గర్నుంచి గంగాధర్ అరిచాడు. "మేడం! సేఫు! సేఫ్ మేడం!" మా వాళ్లంతా నా వైపే చూస్తున్నారు. వాళ్ల అన్నం తిన్నాను. వాళ్ల పిలుపు మీదే వచ్చాను. మళ్లీ అదే అన్నాను. "ఔట్."

నర్సయ్య దుమ్ములోంచి మోచేతుల మీద లేచాడు. "ఔటే తమ్మీ!" అని గంగాధర్‌కు వినిపించేలా అరిచాడు. "నాకు తెలుస్తలేదా? భుజానికి తాకింది. నువ్వు ఆడ బేసు మీద ఉండు!"

రామోన్ అతనికి చెయ్యిచ్చి లేపాడు.

అతని మాట గంగాధర్ విన్నాడు. బేసు వదలలేదు. తర్వాత వచ్చింది జగిత్యాల అజీజ్. రెండో బంతిని కుడివైపు గీత పక్కగా దంచాడు. గంగాధర్ పరుగు మొదలుపెట్టాడు. రెండో బేసు. మూడో బేసు. ఆగమని శ్రీనివాస్ గారు, తను బేసు అంపైరన్న సంగతి మరిచిపోయి, రెండు చేతులూ ఊపుతున్నారు. అతను ఆగలేదు. బంతి రాకముందే నా కాళ్ల దగ్గర ప్లేటు మీద కాలు వేశాడు.

నాలుగు, నాలుగు. ఆ వెంటనే అజీజ్ మూడో బేసు కోసం పరుగెత్తి ఔటయ్యాడు. అది మూడో ఔట్, మా ఇన్నింగ్స్ అయిపోయింది.

ఇంకో ఇన్నింగ్స్ ఆడదామని రామోన్ అన్నాడు. అప్పుడే పక్కనున్న మసీదు నుంచి సాయంత్రపు అజాన్ వినిపించింది. అజీజ్, ఇంకొందరు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేసరికి బంతి కనిపించనంత చీకటి పడింది. నేను రెండు చేతులూ పైకెత్తి ఆట ముగించాను. గెలిచిన జట్టుకని తెచ్చిన కప్పు ఇద్దరిదీ.

ఒడ్డున మిష్కాక్

సుహార్ సముద్రం ఒడ్డున ఒకాయన బొగ్గుల మీద మాంసం ముక్కలు పుల్లలకు గుచ్చి కాలుస్తున్నాడు. మిష్కాక్ అంటారు. పుల్ల రెండు వందల బైసలు, అంటే ఒమానీ రియాల్లో అయిదో వంతు. చింతపండు పులుపుతో కారంగా ఉన్న చట్నీ వెంట ఇచ్చాడు. అది మా ఇంటి రుచికి దగ్గరగా ఉండేసరికి నేను లెక్కపెట్టకుండా తిన్నాను. చిక్కగా కాచిన వంద బైసల కరక్ చాయ్ గ్లాసులు చేతులు మారుతున్నాయి. రెండు జట్లూ కలిసిపోయి ఇసుకలో కూర్చున్నాయి.

తగువు మళ్లీ మొదలైంది. విచిత్రమేమిటంటే ఈసారి ఇద్దరూ అవతలి పక్షం పట్టారు.

"ఆ బంట్ చూశాక నా మనసు మారిపోయిందండీ," అన్నారు శ్రీనివాస్ గారు. "పిచ్చర్ బ్యాటు పట్టాల్సిందే. రాని పని చేస్తున్నప్పుడే కదా మనిషి బుర్ర వాడేది."

"లేదు సార్," అన్నాడు గంగాధర్. "డీహెచ్ లేకుంటే నర్సన్న బస్సుల కూసుంటుండె. మొదటి బేసు కాడ ఎవరు నిలవడుదురు?"

రామోన్ నా వైపు తిరిగాడు. అంపైర్ ఏమంటుందని అడిగాడు.

నాకు తోచింది చెప్పాను. పిల్లలకైతే అందరూ అన్నీ చేయాలి, ఎవరికి ఏది అబ్బుతుందో ముందే తెలియదు కాబట్టి. పెద్దవాళ్లయ్యాక, ఒళ్లు ఒక్కొక్కటే వద్దనడం మొదలుపెట్టాక, ఆటలో ఇంకొక మనిషికి చోటిచ్చే నియమం ఏదైనా నాకు మంచిదే అనిపిస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి పడవని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ మధ్యాహ్నం రెండూ ఒకే ఆటలో ఇమిడాయి.

గంగాధర్ నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "అరిచినందుకు ఏమనుకోకుండ్రి మేడం."

"అరవకపోతే నీ ఆట మీద నీకు పట్టింపు లేదనుకునేదాన్ని," అన్నాను. "బంట్ ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఎవరు చూడకుంట. రూమ్ ఎనుక గోడ కాడ." నవ్వాడు. "కొట్టుడైతే వస్తలేదు, ఆపుడన్న నేర్చుకుందామని."

నర్సయ్య మోకాలికి ఐసు సంచీ కట్టుకుని, టోపీ తలకు పెట్టుకుని ఉన్నాడు. చెమటకు, దుమ్ముకు అది పూర్తిగా మాసిపోయింది. ఇంటికి వెళ్లి ఏం చేస్తావని అడిగితే, కరీంనగర్‌లో మోకాలు చూపించుకుంటానని, తర్వాత చూడాలని అన్నాడు. సందేహిస్తూ అడిగాడు:

"మేడం, మీ బడిల పెద్దోళ్లను ఆటకు రానిస్తరా?"

"ఆదివారాలు గేటు తీసే ఉంటుంది," అన్నాను.

ఇంటికొచ్చాక

నేను తెచ్చిన హల్వా డబ్బా స్టాఫ్ రూములో ఒక్కపూటలో అయిపోయింది. అల్లప్పచ్చడిలో ఇప్పుడు చిటికెడు బెల్లం వేస్తున్నాను, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా. గంగాధర్ ఫోన్ చేస్తుంటాడు. శుక్రవారాలు శ్రీనివాస్ గారే అతనికి బంతులు విసురుతున్నారట. మొన్న ఒకటి దుకాణాల వీధి దాకా కొట్టానని చెప్పాడు. లలిత గారిని అడిగి నిజమేనని రూఢి చేసుకున్నాను.

మార్చిలో ఒక ఆదివారం మా ఆడపిల్లల జట్టు సాధనకు ఒకమ్మాయి తక్కువైంది. ఏం చేద్దామా అనుకుంటుంటే గేటు దగ్గర బస్సు ఆగింది. నర్సయ్య దిగాడు. మోకాలికి పట్టీ ఉంది. వెంట భార్య, చేతిలో మామిడికాయల సంచీ. పిల్లలు అతన్ని చుట్టుముట్టారు.

"తాతా, నువ్వు కొట్టేటోనివా, పట్టేటోనివా?" అని అడిగింది మా పిచ్చర్ పిల్ల.

నర్సయ్య మైదానం అంతా ఒకసారి చూశాడు.

"ఏడ జాగుంటే ఆడ, బిడ్డా," అన్నాడు.